డిసెంబరాల పెంపకం: మూడు ఊళ్ళ అనుభవం

డిసెంబరాలు ఎవరైనా పూయిస్తారు. గోడవార ఒక కొమ్మ విరిచి గుచ్చి, దాని సంగతి మరిచిపోతే చాలు. ధనుర్మాసం వచ్చేసరికి ఊదారంగు రాశి పోసుకుని కూచుంటుంది. అందులో మన గొప్పేముంది? మొక్కన్నాక దాని మీద మన శ్రమ కనబడాలి, ఖర్చు కనబడాలి, దారినపోయేవాళ్ళు ఆగి "ఏం చేస్తా వుండారు సార్?" అని అడగాలి. ఈ మూడూ నేను సాధించాను.

నేను ఉద్యోగం చేసింది అప్పటి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో. మదనపల్లె, పుంగనూరు, కుప్పం. బదిలీ అయిన ప్రతి ఊళ్ళోనూ అద్దె ఇంటి ముందు జానెడు మట్టి కనబడితే డిసెంబరం పెట్టాను. మూడు ఊళ్ళలోనూ కలిపి పూసిన పూలు రెండు. అందులో ఒకటి మేక తినేసింది. అంతమాత్రాన పద్ధతిని తప్పుపట్టడం తొందరపాటు. ఫలితం దేవుడి చేతిలో ఉంటుంది, పద్ధతి మన చేతిలో ఉంటుంది. ఆ పద్ధతిని ఇప్పుడు మీ చేతిలో పెడుతున్నాను.

ముందు మొక్కను గుర్తుపట్టండి. మోకాలెత్తు పొద, బాగా బలిస్తే నడుము దాకా వస్తుంది. నీలాంబరం అని కూడా అంటారు. కనకాంబరానికి దాయాది, ఇద్దరిదీ ఒకే కుటుంబం. పువ్వు సన్నటి గొట్టంలా లేచి చివర అయిదు రెక్కలుగా విచ్చుకుంటుంది. ఊదా రంగుదే ఎక్కువ. తెల్లదీ గులాబీదీ ఉన్నాయి, ఊదా మీద తెల్లచారలదీ ఉంది. పువ్వు మొదట్లో రంపం పళ్ళలాంటి అంచులతో పచ్చటి దొప్పలుంటాయి. ముట్టుకుంటే ముల్లేమో అని చెయ్యి వెనక్కి తీస్తాం, కాని అంత గుచ్చుకోదు. పువ్వును రెండు వేళ్ళతో పట్టి మెల్లగా పైకి లాగితే దొప్ప కొమ్మకే ఉండిపోతుంది, గొట్టంతో సహా పువ్వొక్కటే చేతికి వస్తుంది. ఆ గొట్టమే కాడ. అరటినారతో ముడివేసుకుంటూ పోవడానికి ఎంత కావాలో అంతే పొడుగు. వాసన లేదు. సాయంత్రానికి వాడిపోతుంది. అయినా మార్గశిరంలో మా వైపు ఏ ఆడపిల్ల జడ చూసినా ఇదే.

శాస్త్రీయంగా దీని పేరు బార్లీరియా క్రిస్టాటా. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు. ఇది చదివిన రోజునుంచి నెల రోజులు మొక్కకు బార్లీ నీళ్ళు పోశాను. తర్వాత తెలిసిందేమంటే, ఆ పేరు 17వ శతాబ్దపు ఫ్రెంచి సన్యాసి ఒకాయనది. జాక్ బారెలియే అని, మొక్కల బొమ్మలు గీసుకుంటూ తిరిగాడట. బార్లీ గింజతో ఏ బాదరాయణ సంబంధమూ లేదు. అయినా ఆ నీళ్ళు వృథా పోలేదు. చీమలు బాగా వచ్చాయి.

ఇక్కడి పెంపకందారుకు ఎదురయ్యే మొదటి ఆటంకం వాతావరణం. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది. పక్కనే ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా ఉన్న హార్స్లీ దొర వేసవికి అక్కడ బంగళా కట్టుకుంటే అది హార్స్లీ కొండ అయిపోయింది. క్షయరోగులకు ఈ గాలి మంచిదని వందేళ్ళ కిందటే ఊరి బయట ఆరోగ్యవరం ఆసుపత్రి పెట్టారు. అంత మంచి గాలిలో, ఎర్రమట్టిలో, డిసెంబరం దానంతటదే బతికేస్తుంది. మన సేవకు చోటివ్వదు. కాబట్టి చోటు మనమే చేసుకోవాలి.

మదనపల్లెలో గురువులకు కొదవలేదు, అడుగుకో టమాటా రైతున్నాడు. మార్కెట్ యార్డులో తెల్లారుజామున ఒక్కసారి నిలబడి చూడండి, అసలైన వ్యవసాయమంటే ఏమిటో తెలుస్తుంది. 2023 జులైలో కిలో 190 దాటి పలికిన కాయకు వాడే మందునే ఊరికే పూసే పువ్వుకు వాడితే ఎలా ఉంటుంది? ఈ ఆలోచన నాకు అంతకు ఎన్నో ఏళ్ళ ముందే వచ్చింది. మందుల అంగడికి పోయి నైన్టీన్ ఆల్ ఒక కిలో, యూరియా రెండు కిలోలు తెచ్చాను. లీటరు నీళ్ళకు 5 గ్రాములు చాలన్నారు. నాది ఒక్కటే మొక్క కదా అని 20 వేశాను. వారానికి రెండుసార్లు. మధ్యలో యూరియా పిడికెడు మొదట్లో చల్లాను.

మొక్క లేచింది చూడండి! ఆషాఢానికి నడుము దాటింది, భాద్రపదానికి ఛాతీ దాకా వచ్చింది. ఆకులు తమలపాకుల్లా తళతళలాడాయి. టమాటాకు కట్టినట్టే నాలుగు కట్టెలు పాతి, పురికొసతో నిటారుగా బిగించి కట్టాను. నేలమీద పరుచుకునే మొక్కకు క్రమశిక్షణ నేర్పాలి. పక్కింటి అవ్వ గోడవార ఒక డిసెంబరం ఉండేది. మోకాలు కూడా దాటలేదు, ఆకులు పాలిపోయి ఉండేవి. ఆవిడ అంట్లు తోమిన నీళ్ళు అటు పారబోయడం తప్ప మరే సేవా చేసేది కాదు. జాలేసింది.

"నాయనా, ఆకు మీదికే పోతా వుండాది. మొగ్గ యాడుంది?" అని అవ్వ గోడ మీదుగా అడిగింది.

మొగ్గకు తొందరేమిటి? అంగడతను కూడా అదే మాట అన్నాడు. నత్రజని ఎక్కువైతే ఆకే వస్తుంది, పువ్వు రాదు సార్ అని. వాళ్ళకు ఇంకో రకం మందు అమ్ముకోవాలని ఉంటుంది. నేను పట్టించుకోలేదు.

పైగా అప్పటికి కత్తిరింపుల వేళ అయింది. కత్తిరింపు విషయంలో నా సలహా ఒక్కటే: కార్తీకపౌర్ణమి మరునాడు చేయాలి. సంక్రాంతి పోయాక, పూతంతా అయ్యాక కత్తిరించండని కొందరంటారు. అప్పుడు కత్తిరిస్తే వానలకు కొత్త కొమ్మలు లేచి, ఆ కొత్త కొమ్మల చివర్లలోనే పువ్వు పడుతుందని వాళ్ళ వాదం. పండక్కి క్షవరం ముందు చేయించుకుంటామా, తర్వాత చేయించుకుంటామా? కార్తీకంలో ప్రతి కొమ్మ చివరా పచ్చగా గుత్తిలా ఏదో ఉబ్బి ఉంటుంది. అది అందవికారంగా ఉంటుంది. దాన్ని పట్టుకుని జానెడు కిందికి కోసేయాలి. నేను ఒక్కటీ వదలకుండా కోసి, కొమ్మలన్నీ గోడ మీదుగా అవ్వ వాళ్ళ దిబ్బ వైపు విసిరేశాను. ఆ ఏడు మా మొక్క గుండు చేసుకున్న యాత్రికుడిలా నిలబడింది. చాలా శుభ్రంగా ఉంది. అవ్వ గోడవారది మాత్రం డిసెంబరు రెండో వారానికి ఆకు కనబడకుండా పూసింది. చూసే దిక్కులేని మొక్క అలా కంగారుగా పూసేస్తుంది.

మా ఆవిడ ఆ నెలంతా అవ్వ ఇచ్చిన పూలే పెట్టుకుంది. నేను అభ్యంతరం చెప్పలేదు. నీరుగట్టువారిపల్లె మగ్గం మీద నేసిన ఊదారంగు పట్టుచీర ఒకటి ఆవిడకుంది. దానికి సరిగ్గా సరిపోయాయి.

తర్వాత పుంగనూరు. ఈ ఊరి పేరు చెబితే ఎవరికైనా ఆవు గుర్తొస్తుంది. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, అంటే మూడడుగులు దాటదు. పక్కన నిలబడితే మన నడుము కింద ఉంటుంది మూపురం. అంతరించిపోతుందని పలమనేరు పశుపరిశోధన కేంద్రంలో పెంచి కాపాడుతున్నారు. ఇప్పుడు దాని ధర వింటే కారు కొనుక్కోవడం నయమనిపిస్తుంది. నాకు మాత్రం దాన్ని చూడగానే మదనపల్లెలో జరిగిన పొరపాటు అర్థమైంది. అక్కడ మొక్క మరీ పొడుగైంది. పొట్టి మొక్క పొట్టిగా ఉండాలంటే పొట్టి ఆవు పేడ వేయాలి. ఇంత చిన్న సంగతి వ్యవసాయ పుస్తకాలు రాసేవాళ్ళకు తట్టకపోవడం ఆశ్చర్యం.

అలాంటి ఆవులున్న ఒక ఇంటికి రోజూ బక్కెట్టు పట్టుకుని పోయేవాణ్ణి. పేడ వెచ్చగా ఉండాలి. అందులోనే సారం. ఆ ఇంటాయన మొదటిరోజే, "సార్, పచ్చిపేడ వెయ్యకండి. కుళ్ళేటప్పుడు వేడెత్తి ఏరు మాడిపోతాది, ఏరుపురుగు కూడా పడతాది. ఆరు నెల్లు దిబ్బలో మాగిన ఎరువు ఇస్తా, రెండు గుప్పిళ్ళు ఎయ్యండి, చాలు" అన్నాడు. మాగిన ఎరువు నల్లగా, పొడిపొడిగా, టీపొడిలా ఉంది. వాసనే లేదు. వాసన లేనిదానిలో బలం ఎలా ఉంటుంది? మర్యాదగా వద్దని చెప్పి వెచ్చటిదే తెచ్చి మొక్క మొదట్లో మూరెడెత్తు గోపురం కట్టాను. నా సిద్ధాంతం పదకొండు రోజుల్లో రుజువైంది: మొక్క నిజంగానే పొట్టిదైంది. తర్వాత ఇంకా పొట్టిదైంది. పన్నెండో రోజు పేడ గోపురం ఒక్కటే మిగిలింది. ఈగలు మాత్రం బాగున్నాయి.

పుంగనూరులోనే ఇంకో ప్రయోగం చేశాను, క్లుప్తంగా చెబుతాను. డిసెంబరానికి వాసన లేకపోవడం ఒక లోటు. పువ్వులతో పాటు నారకూ పరిమళం అబ్బుతుందని పెద్దల మాట. అందుకని రెండో మొక్కను జాజిపందిరి కింద, సరిగ్గా నడిమధ్య పెట్టాను. వాసన పట్టడానికి ఏడాది గడువిచ్చాను. జాజి పైన గొడుగులా అల్లుకుంది. ఎండ పడక కింద డిసెంబరం సన్నగా, గడకర్రలా, వెలుతురు ఎటుంటే అటు మెడ చాచింది. కొనకొమ్మన ఒక్క పువ్వు పూసింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. కొద్దిగా అబ్బినట్టే ఉంది. మా ఆవిడ మాత్రం అది నా జేబులోని వక్కపొడి వాసన అంది. మేక తిన్నది ఈ పువ్వునే.

కుప్పంలో నేను పూర్తిగా శాస్త్రీయంగా మారాను. కుప్పమంటే మూడు రాష్ట్రాల కూడలి. ఒకవైపు కృష్ణగిరి, ఒకవైపు కోలారు. బజారులో ఒకే మాటలో తెలుగూ తమిళమూ కన్నడమూ వినబడతాయి. ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో ఇక్కడ పెట్టడానికి కారణం బజారులో పది నిమిషాలు నిలబడితే తెలుస్తుంది. పొద్దున రైలెక్కితే బెంగుళూరు. నేనూ ఒక ఆదివారం వెళ్ళి పెద్ద నర్సరీలో, ఏసీ గదిలాంటి చోట, అద్దం వెనక ఉన్న మొక్క ఒకటి తెచ్చుకున్నాను. పేరు 'ఫిలిప్పీన్ వయొలెట్'. ధర 350 రూపాయలు. కుండీకి చీటీ కట్టి ఉంది, ఇంగ్లీషులో.

ఇంటికి తెచ్చి పెట్టగానే ఎదురింటి అక్క చూసి, "ఏమన్నా, డిసెంబరు చెట్టుకి కూడా చీటీ కడతారా బెంగుళూర్లో?" అంది. నమ్మలేదు. పుస్తకం తిరగేస్తే అదే బార్లీరియా క్రిస్టాటా. ఫిలిప్పీన్స్‌తో దీనికి పుట్టుకలో సంబంధం లేదు, మన దేశమూ ఆ చుట్టుపక్కలే దీని సొంతూరు. వయొలెట్ కుటుంబంతో అసలే చుట్టరికం లేదు. అయినా 350 రూపాయలు పెట్టాక దాన్ని డిసెంబరం అని పిలవబుద్ధి కాదు. మీరూ డబ్బు పెట్టే కొనండి. ఊరికే వచ్చిన కొమ్మ మీద భక్తి కుదరదు.

ఆ చీటీలో ఒక హెచ్చరిక ఉంది. దాన్ని నేనే తెలుగు చేసుకుని గోడకు అంటించుకున్నాను: 'సుకుమారమైన బహువార్షికం. మంచు నుంచి కాపాడవలెను.'

కుప్పంలో మంచు సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. మార్గశిరంలో తెల్లవారి లేస్తే ఎదురిల్లు కనబడదు. స్టేషనులో రైలు కూత వినబడుతుంది, రైలు కనబడదు. అంత మంచులో సుకుమారాన్ని బయట వదులుతానా? ఇక్కడ కొందరు మేధావులు అడ్డుపడతారు. చీటీ చెప్పే మంచు వేరు, మనం పొద్దున్నే చూసే మంచు వేరంటారు. అది గడ్డకట్టే మంచట. చలిదేశాల్లో రాత్రికి రాత్రి ఆకు లోపలి నీరు గడ్డకట్టి, కణాలు చిట్లి, తెల్లారేసరికి మొక్క ఉడికిన ఆకుకూరలా వాలిపోతుందట. మన లంబసింగి వైపు ఎప్పుడన్నా గడ్డిమీద నీటిబొట్లు గడ్డకడతాయంటారు కాని, కుప్పంలో ఎంత చలి కొరికినా బక్కెట్లో నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయట. మనది ఉత్త పొగమంచు, డిసెంబరానికి దానివల్ల ఆకు తడవడం తప్ప ఏమీ కాదట. తెలుగులో రెండిటికీ ఒకటే మాట ఉన్నప్పుడు రెండూ ఒకటే. మన పెద్దలకు తెలియకనా ఒకే పేరు పెట్టారు?

కార్తీకం మొదలు సంక్రాంతి వరకు మొక్కకు నేను చేసిన కాపలా ఇది. సాయంత్రం అయిదింటికి ముందు పల్చటి పంచె, దానిమీద సోలాపూరు దుప్పటి, దానిమీద టార్పాలిన్. పొద్దున తొమ్మిదికి మంచు పూర్తిగా విడిచాక, ఒక్కొక్కటే తీసి ఆరేయాలి. పదిన్నరకు నేను ఆఫీసుకు పోవాలి కాబట్టి పదికల్లా మళ్ళీ కప్పేయాలి. వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. ఎదురింటి అక్క రోజూ పలకరించేది. "అన్నా, జొరం తగ్గిందా దానికి?"

పుష్యమాసంలో చలి ముదిరిందని ఇంట్లోకే తెచ్చి, బీరువా పక్కన పెట్టాను. అదే మూలన ఒక చీకటి రాత్రి, టార్చిలైటు వేసి చూస్తే, ఒక్క పువ్వు పూసి ఉంది. తెల్లగా ఉందనుకున్నాను. దగ్గరికి పోయి చూస్తే పాలిపోయిన ఊదా. నా రెండో పువ్వు.

నీళ్ళ విషయంలో కుప్పం నాకు మరీ నేర్పింది. 1990ల చివర్లో ఇజ్రాయెల్ పద్ధతి సేద్యమని ఇక్కడి పొలాల్లో సన్నటి గొట్టాలు పరిచి బొట్టు బొట్టుగా నీళ్ళిచ్చారు. దేశమంతా వచ్చి చూసింది. నేనూ మేడమీది సింటెక్స్ తొట్టినుంచి సెలైన్ గొట్టం లాగి కుండీలోకి దించాను. రాత్రీ పగలూ బొట్లు. కుండీ అడుగున చిల్లు ఉండేది. నీళ్ళు కారిపోతున్నాయని సిమెంటు పెట్టి మూసేశాను. మాఘంలో ఆకులు పసుపుపచ్చగా తిరిగి వేలాడబడ్డాయి. దాహమని వెంటనే గ్రహించి రెండో గొట్టం పెట్టాను. ఇంకా వేలాడాయి. మొక్కను పట్టుకుంటే నెయ్యిలోంచి వేలు తీసినంత సులువుగా ఊడి వచ్చింది. వేర్లు నల్లగా, మెత్తగా, చెడిపోయిన చింతపండులా ఉన్నాయి. నీళ్ళు ఎక్కువైనా తక్కువైనా ఆకు ఒకేలా వాడుతుందని, మట్టిలో వేలు గుచ్చి చూసి పోయాలని అక్క అంది. మట్టిలో వేలు పెట్టడానికా నేను గొట్టం కొన్నది?

విత్తనాలతో పెంచాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. ఎండిన కాయ పటుక్కున పగిలి నాలుగు గింజలనూ దూరంగా విసిరేస్తుంది. లోపల గింజను పట్టి ఉంచే కొక్కేల్లాంటివి ఉంటాయి, అవే ఎగరేస్తాయి. ఇది అవినయం. ప్రతి కాయకూ గుడ్డసంచీ కట్టండి. పూలే లేకపోతే కాయలు రావు కాబట్టి నాకు ఈ అవసరం రాలేదు.

రిటైరయ్యాక మళ్ళీ మదనపల్లెకే వచ్చాం. అదే వీధి, అదే ఇల్లు, ఈసారి కొనుక్కున్నాం. గోడ అటుపక్క అవ్వ అలాగే ఉంది, నడుము కొంచెం వంగింది. మేం దిగింది డిసెంబరులో. లారీలోంచి బీరువా దించుతుంటే మా ఆవిడ గోడవైపు చూసి అలాగే నిలబడిపోయింది. అవ్వ దిబ్బ ఉన్న చోట దిబ్బ లేదు. ఆ గోడ ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఊదారంగు. మధ్యమధ్య కింద రాలిన పూలమీద కోడిపిల్లలు తిరుగుతున్నాయి.

"ఇంత చెట్టు ఎక్కడిది అవ్వా?"

"నువ్విసిరేసినవే కదా నాయనా. ఆ పొద్దు కొమ్మలన్నీ కోసి ఇటేసి పోతివే, సగం ఎండిపాయ, సగం ఏరు తొక్కినాయి. నేనేమీ చెయ్యలా."

నేను ఆ రాత్రి పాత డైరీ తీశాను. కార్తీకపౌర్ణమి మరునాటి పేజీలో అంతా ఉంది. మర్నాడు అవ్వ ఇంకో కొమ్మ విరిచి, "ఇదిగో, ఆ మూల గుచ్చి ఊరుకో నాయనా" అంటూ గోడ మీదుగా అందిస్తే తీసుకోలేదు. అలా చేతినుంచి చేతికి తీసుకుని గుచ్చితే రాదు. మూడు ఊళ్ళలో గుచ్చి చూశాను కదా. మా ఆవిడ ఆ కొమ్మ తీసుకుని నీళ్ళకుళాయి పక్కన గుచ్చింది, అది ఆవిడ ఇష్టం.

చివరికి స్థిరపడిన పద్ధతి ఇది. కార్తీకపౌర్ణమి మరునాడు పొద్దున ఎనిమిదింటికి, స్నానం చేసి, జానెడు పొడుగు కొమ్మలు పన్నెండు కోసుకోవాలి. గోడకు తొమ్మిది అడుగుల దూరంలో నిలబడాలి. టేపుతో కొలుచుకోవాలి, అడుగులతో కాదు. గోడవైపు వీపు పెట్టి, ఎడమ భుజం మీదుగా ఒక్కొక్కటే విసరాలి. గోడ దాటనివాటిని తెచ్చి మళ్ళీ విసరాలి. అవ్వ అటుపక్క ఉన్న రోజుల్లో ముందుగా కేకవేయడం మంచిది. నేను మొదటిసారి కేక వేయలేదు.